నాకు రాని వాంతులు

ఆసుపత్రి రికార్డుల ప్రకారం ఆ ఏడాది నాకు ఐదుసార్లు వాంతులూ విరేచనాలూ అయ్యాయి. నిజానికి ఒక్కసారి కూడా కాలేదు. నా కడుపు రాళ్లు తిన్నా అరిగించుకునే రకం. ఐదుసార్లూ జబ్బుపడింది నా కూతురు. రెండుసార్లు చెవిపోటు, ఒకసారి నోట్లోనూ చేతుల మీదా పొక్కులు, ఒకసారి వారం పాటు ఆగని దగ్గు, ఇంకోసారి బడి ఆటస్థలంలో నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగింది. దాని మణికట్టు విరిగినప్పుడు కూడా నాకు వాంతులే అయ్యాయి.

నేను ఎమర్జెన్సీ డాక్టర్ని. సిడ్నీ పడమటి వైపు ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేదాన్ని. ఇల్లు రౌస్ హిల్‌లో. మా ఆయన ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వారానికి మూడు రోజులు మెట్రో ఎక్కి సిటీకి వెళ్తాడు. రెండు రోజులు ఇంట్లోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ రెండు రోజులూ ఆయన ఇంట్లో ఉన్నాడని లోకం అనుకుంటుంది. నేను అనుకోను.

ఆ పని నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదంతా ఎందుకు భరించానో అర్థం కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లోనో పెరట్లో మాంసం కాల్చుకునే బార్బెక్యూ విందులో ముక్క గొంతుకి అడ్డంపడి మొహం నీలంగా మారిన మనిషిని తీసుకొచ్చారు. నేనూ ఇంకో సీనియర్ డాక్టరూ కలిసి రెండు నిమిషాల్లో ఆ ముక్క బయటికి లాగాం. ఆయన లేచి కూర్చుని, మా ఇద్దరివంకా సిగ్గుగా చూసి, శ్రమ పెట్టినందుకు సారీ చెప్పాడు. ఆ రోజు ఇంటికి కారు నడుపుతుంటే నా చేతులు నాకే ముద్దొచ్చాయి. ఇలాంటి పని వదులుకోవడం తేలిక కాదు.

ఆ సీనియర్ డాక్టరు హైదరాబాదావిడ. నాకంటే పదేళ్లు పెద్ద. వరంగల్లులో చదువుకుంది, ముగ్గురు పిల్లల తల్లి. నేను ఆపా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. నాకు వాంతులు నేర్పింది ఆమే.

చేరిన కొత్తలో పాపకి జ్వరం వచ్చింది. ఉదయం డ్యూటీకి గంటన్నర ముందు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. డ్యూటీలు వేసే ఆవిడ ఆ రోజు రోస్టర్లో నా పేరు కొట్టేసింది. తర్వాత, "ఇంట్లో ఇంకెవరూ లేరా?" అని అడిగింది. ఆ ఏడాది చివర నా పనితీరు మీద మాట్లాడడానికి మా డిపార్ట్‌మెంట్ డైరెక్టరు నన్ను కూర్చోబెట్టుకున్నాడు. మంచి డాక్టర్నేనట, అయితే "నమ్మకంగా హాజరవుతుందా అన్న సందేహం కొందరికి ఉంది" అట. ఎవరికి అని అడిగితే కొందరికి అన్నాడు. ఆ కొందరికి తల్లులు లేరు కాబోలు.

అదే నెలలో ఒక మగ డాక్టరు తన కొడుకు ఈత పోటీ చూడాలని డ్యూటీ మధ్యలో గంటసేపు వెళ్లొచ్చాడు. నర్సులందరూ గుండెమీద చెయ్యి వేసుకుని మురిసిపోయారు. ఎంత మంచి తండ్రి, అన్నారు. నేను టీ గదిలో ఈ సంగతి చెప్పి మండిపడుతుంటే ఆపా కప్పులో చక్కెర కలుపుతూ విన్నది.

"ఫోన్ల ఏం చెప్పినవ్?" అంది.

"పాపకి జ్వరమని."

"పాగల్. నిజం చెప్పినవా?"

"మరేం చెప్పాలి ఆపా?"

"గాస్ట్రో. వాంతులు, విరేచనాలు. తగ్గినంక గూడ నలభై ఎనిమిది గంటలు గుమ్మం తొక్కొద్దని వాళ్లే రూల్ పెట్టిన్రు. జలుబంటె మాస్కు పెట్టుకొని రమ్మంటరు. నడుం నొప్పంటె గోలి ఏస్కొని రమ్మంటరు. గాస్ట్రో అంటె 'రాకు తల్లీ' అని దండం పెడ్తరు. బిడ్డకు చెవినొప్పి, నీకు గాస్ట్రో. బిడ్డకు స్కూల్ల డాన్సు, నీకు గాస్ట్రో. నాకు పదేండ్ల సంది గాస్ట్రోనే. ముగ్గురిని దాని మీదనే పెంచిన."

"ఇంట్లోవాళ్లకి ఒంట్లో బాగాలేకపోతే తీసుకోడానికి కేరర్స్ లీవ్ అని ఉంది కదా. చట్టంలోనే రాసుంది."

"చట్టంల ఉన్నది," అంది ఆపా, స్పూను నాకి పక్కన పెడుతూ. "రోస్టర్ల లేదు."

నేను వాదాల ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్న బడిపంతులు. ఆదివారమైతే మా వసారాలో పదిమంది పోగయ్యేవాళ్లు. దేవుడి మీద, శకునాల మీద, కులం దాటిన పెళ్లిళ్ల మీద గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లు. పదేళ్లకే నన్ను స్టూలు ఎక్కించి బల్లి శాస్త్రం మీద మాట్లాడించారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఒక మాట అన్నావా, రుజువు చూపించు. చూపించలేకపోతే నలుగురిలో వెనక్కి తీసుకో. అలా పెరిగినదాన్ని కాబట్టి ఆపా సలహా విని ముఖం చిట్లించాను. మూడు వారాల తర్వాత పాపకి చెవిపోటు వచ్చింది. ఫోన్ తీసి, గొంతు నీరసంగా పెట్టి, గాస్ట్రో అన్నాను. "పాపం, విశ్రాంతి తీసుకో, మంచినీళ్లు బాగా తాగు" అంది అవతలి గొంతు, ఎంతో ప్రేమగా. పక్కనే సోఫాలో పడుకున్న నా కూతురు చెవి మీంచి చెయ్యి తీసి, "మమ్, యు ఆర్ నాట్ సిక్. ఐయామ్ సిక్," అంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. అబద్ధం మాత్రం ఏ భాషలో ఉన్నా పట్టేస్తుంది. నోరు మూసుకో అన్నాను. నా జీవితంలో దానితో నేనన్న అతి నీచమైన మాట అదే.

మా డిపార్ట్‌మెంట్లో ఒక మూఢనమ్మకం ఉంది. "ఇవాళ రద్దీ లేదు" అని ఎవరూ పైకి అనకూడదు. అన్నారంటే అంబులెన్సులు బారులు తీరతాయని భయం. ఎంఆర్ఐలు చదివేవాళ్లు, గుండెల్ని కరెంటు పెట్టి మళ్లీ కొట్టించేవాళ్లు, ఆ మాట వినగానే కీడు పోవాలని చెక్క కోసం వెతికి తడతారు. నేను కావాలని ప్రతి డ్యూటీలోనూ గట్టిగా అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాళ్లు. చెక్క తట్టేవాళ్లని చూసి ఎవరికీ అనుమానం రాదు. బిడ్డకి జ్వరం అన్న ఆడదాన్ని నమ్మొచ్చా అన్నదే అందరికీ అనుమానం.

ఈలోగా మనుషులు వెళ్లిపోతున్నారు. నెలకో వీడ్కోలు. చర్మం నిగారింపు క్లినిక్కులకి, ఇన్సూరెన్సు కంపెనీలకి, ఊరికే ఇంటికి. డాక్టర్లు ఎందుకు నిలవడం లేదో తేల్చడానికి కమిటీ వేశారు. నన్నూ అందులో పెట్టారు. సమావేశం మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా బడులు వదిలే వేళకి. మొదటి సమావేశంలో పిల్లలున్న ఆడవాళ్లం ఎవరమూ లేము. ఆ రోజు తీర్మానించి ఒక విశ్రాంతి గది తెరిచారు. అందులో ఒక మర్దన కుర్చీ, కొన్ని రంగు పెన్సిళ్లు, పెద్దవాళ్లు రంగులు వేసుకునే బొమ్మల పుస్తకాలు. పన్నెండేళ్లు చదివి, చావుని దగ్గరగా చూసిన మనుషుల్ని కూర్చుని నెమలికి రంగు వెయ్యమన్నారు. ఆ గది దాటి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది.

నాది ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం. ఆ సంవత్సరం వారానికి మూడు రోజుల శాశ్వత ఉద్యోగం ఒకటి పడింది. ఏ రోజులో ముందే తెలుస్తాయి, పాపని బడి నుంచి ఎవరు తేవాలో ముందే తెలుస్తుంది. అది వస్తే ఆ పనిలో ఉంటాను, రాకపోతే ఉండలేను. నాకది అంత స్పష్టంగా తెలుసు. డైరెక్టరు కూడా సుముఖంగానే ఉన్నాడు. కాగితం నెలాఖరుకి పైకి పంపుతానన్నాడు.

సరిగ్గా అప్పుడు ఐదోసారి వాంతులు చేసుకున్నాను. సోమవారం పొద్దున్న పాపకి మళ్లీ చెవి. మా ఆయనకి ఆఫీసులో ఏదో రిలీజ్. గాస్ట్రో అని ఫోన్ చేశాను. మర్నాటికి పాప తేరుకుంది, మా ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఆపా ఒక్కతే అవుతుందని తెలుసు. పైగా ఒక కుర్ర డాక్టరుకి వీడ్కోలు, అందరూ తలా ఒకటి వండి తెస్తున్నారు. నేను పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, రెండున్నరకల్లా వెళ్లిపోయాను. దారిలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, నాకు గాస్ట్రో ఉండాలని. అలవాటైన అబద్ధానికి పట్టే తుప్పు ఇదే. చెప్పినవాళ్లే మర్చిపోతారు.

ఆ సాయంత్రం వృద్ధాశ్రమం నుంచి ఒక ముసలాయన్ని తెచ్చారు. ధారగా వాంతులు. విడి గది ఖాళీ లేదు. వరండాలో మంచం మీద, టీ గది తలుపుకి పది అడుగుల దూరంలో, ఐదు గంటలసేపు ఉంచారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆ మంచం రాసుకుంటూ తిరిగారు. గురువారం నాటికి నర్సులు, గుమస్తా, ఇద్దరు డాక్టర్లు పడకేశారు. వాళ్లవి నిజం వాంతులు.

శుక్రవారం ఆసుపత్రిలో అంటురోగాల లెక్క చూసే నర్సు నా దగ్గరకొచ్చింది. నెమ్మదైన మనిషి, చేతిలో ఫారం.

"సోమవారం మీరు గాస్ట్రో అని సెలవు పెట్టారు. మొదటి కేసు మీదే. కొన్ని ప్రశ్నలు అడగాలి డాక్టర్, ఏమీ అనుకోకండి. ఎన్నిసార్లు వాంతులు?"

నిజం చెప్పే అవకాశం అక్కడే వచ్చింది. నా నోటి నుంచి వచ్చింది వేరే. "మూడు."

"విరేచనాలు?"

"నాలుగు."

"నీళ్లలాగానా, ముద్దగానా?"

"నీళ్లలాగా."

"రక్తం? జిగురు?"

"లేవు."

పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు చెప్పాను. లేని మలానికి రంగు కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుంది. ఆఖరుసారి ఎప్పుడంటే సోమవారం మధ్యాహ్నం అన్నాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టి, తలెత్తింది.

"అంటే పాతిక గంటలకే పనిలోకి వచ్చారు. నలభై ఎనిమిది ఆగాలి కదా. ఆ రోజు అన్నం వంటకం ఒకటి తెచ్చారట. మీరే కలిపారా?"

"నేనే."

"చేత్తోనా?"

"పులిహోర గరిటెతో కలపరండి," అన్నాను.

అది కూడా రాసుకుంది. మా అమ్మ, అమ్మమ్మ కలిపినట్టే, పసుపు వేళ్లకి అంటేలా మెతుకు విరక్కుండా కలిపిన పులిహోర, ఒక ఆసుపత్రి మొత్తాన్ని మంచానపడేసిన విషంగా ఫారంలోకి ఎక్కింది. దానికి సాక్ష్యం చెప్పింది నేనే.

సోమవారం డైరెక్టరు పిలిచాడు. ఎప్పటిలాగే తలుపు తనే తీసి, కుర్చీ చూపించాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత రాయక్కరలేకపోయేది.

"పెద్ద విషయం కాదు," అన్నాడు. "తొందరపడి తిరిగొచ్చావు. మనుషుల కొరత, నీ మంచి ఉద్దేశం అందరికీ తెలుసు. ఫైల్లో ఒక చిన్న నోటు రాస్తాను. చేతులు కడుక్కోవడం మీద ఆన్‌లైన్ పాఠం ఉంటుంది, అరగంట, అది మళ్లీ చూసెయ్యి. నీ ఉద్యోగం కాగితం ఈ వారమే పంపిస్తాను."

"నాకు గాస్ట్రో రాలేదు," అన్నాను. "పోయిన సోమవారం మా పాపకి చెవిపోటు. అంతకు ముందు నాలుగుసార్లూ పాపకే."

పెన్ను కింద పెట్టాడు. కిటికీలోంచి కార్ పార్కు వైపు చూశాడు.

"నేనది విన్నానంటే వేరేలా వెళ్లాలి," అన్నాడు చివరికి. "ఐదుసార్లు తప్పుడు కారణంతో సెలవు అంటే హెచ్ఆర్‌కి పంపాలి. ప్రవర్తన కిందకి వస్తుంది. అప్పుడు ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను."

"అంటే, రోగంతో వచ్చి అందరికీ అంటించానని ఒప్పుకుంటే ఉద్యోగం ఇస్తారు. ఎవరికీ ఏమీ అంటించలేదు, నా కూతురికి ఒంట్లో బాగాలేదు అంటే తీసేస్తారు."

"నువ్వలా అంటే వినడానికి బాగుండదు."

"ఎలా అంటే బాగుంటుంది?"

శుక్రవారం దాకా ఆలోచించుకోమన్నాడు. ఆయనకి ఎప్పటినుంచో తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. పిల్లలున్న ఆడడాక్టర్లకే ఇన్ని గాస్ట్రోలు ఎందుకు వస్తాయో తెలియనంత మొద్దు వైద్యుడు కాడు. తెలిసి ఊరుకున్నాడు. కేరర్స్ లీవ్ అని లెక్కలోకి వస్తే రోస్టరు మార్చాలి, మనుషుల్ని పెంచాలి, పైవాళ్లని అడగాలి. గాస్ట్రో అయితే ఎవర్నీ ఏమీ అడగక్కరలేదు. మా అబద్ధం మీద ఆయన డిపార్ట్‌మెంటు నడుస్తోంది.

ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే మా ఆయనకి చెప్పాను.

"ఒప్పేసుకో," అన్నాడు వెంటనే. "అరగంట వీడియో చూడ్డమే కదా. రెండోసారి ఆలోచించే పనేముంది ఇందులో?"

"చెయ్యని తప్పు ఒప్పుకోవాలా?"

"చేసిన తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందిగా. నువ్వే చెప్పావు."

"ఐదుసార్లలో నువ్వు ఎన్నిసార్లు సెలవు పెట్టావు?"

"నాకు రిలీజ్ ఉంది కదా."

"నీకు ఏడాదికి యాభై రెండు వారాలూ రిలీజే."

"సరే, తప్పు నాదే. ఇప్పుడు దాన్ని దిద్దుకోడానికే చెప్తున్నా. ఇది మీ నాన్న వసారా కాదు, నువ్వు గెలిస్తే చప్పట్లు కొట్టడానికి. నువ్వు గెలిచి ఇంటికొస్తే మన ముగ్గురం ఏం చెయ్యాలో అది చెప్పు."

ఆ మాట తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. పాప మా ఇద్దరి మొహాలూ చూస్తూ పెరుగన్నం కలుపుకుంటోంది.

ఆపా బుధవారం మధ్యాహ్నం కార్ పార్కులో పట్టుకుంది. అప్పటికే విషయం తెలిసిపోయింది.

"నిజం చెప్తవట?"

"చెప్పాలనుకుంటున్నా."

"చెప్పు. నీ ఐదు బయటపడ్తయ్. నీ ఐదు చూసి నావి పదేండ్లవి తవ్వుతరు. పాత పట్టు లెక్క ముట్టుకుంటె చినిగిపోయే చీర ఇది, నువ్వు ఒక్క దారం గుంజుతనంటున్నవ్."

"మీ పేరు రానివ్వను ఆపా."

"పేరెందుకు? కంప్యూటర్ల నొక్కితె వస్తది, ఎవరెవరికి ఎన్నిసార్లని." కారు తాళం వేళ్ల మధ్య తిప్పుతూ ఉంది. "నీకు నాయన నేర్పిన డిబేటుంది, చెల్లె. నాకు చిన్నోని ఆస్తమా ఉన్నది. దేనితోని కొట్లాడుతవో నువ్వే సోంచాయించుకో."

నేను చూసిన వాదాల్లో ఓడినవాడు తల దించుకుని ఇంటికి పోయేవాడు, అంతే. గెలిచినవాడి మూలంగా పక్కింటివాళ్లు ఓడిపోవడం అక్కడ చూడలేదు.

అయినా శుక్రవారం ఉత్తరం ఇచ్చాను. నా సంగతి మాత్రమే రాశాను. ఐదు సెలవుల్నీ కేరర్స్ లీవుగా మార్చమన్నాను. నర్సుకి అబద్ధం చెప్పినందుకు క్షమాపణ అడిగాను. వరండాలో ఐదు గంటలు ఉంచిన రోగి గురించి, తగినన్ని గదులు లేకపోవడం గురించి రాశాను. నిజం చెప్పాలంటే, పంపేముందు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకున్నాను. బాగా రాశాననిపించింది. ఇంతమంది బతుకుల మీద పడబోయే కాగితం చదువుకుని వాక్యాలు బాగున్నాయని మురిసిన నా మీద కూడా నాకు రోతే.

హెచ్ఆర్‌లో కూర్చున్నావిడ బల్లమీద ఆమె ఇద్దరు పిల్లల ఫోటో ఉంది. "పాపకి చెవిపోటు అని డాక్టరు సర్టిఫికెట్ ఉందా?" అని అడిగింది.

"నేనే డాక్టర్ని. చెవిలోకి నేనే చూశాను."

"సొంత బిడ్డకి మీరు ఇచ్చుకున్నది చెల్లదు."

"సొంత ఒంటికి వాంతులయ్యాయని నేను చెబితే ఐదుసార్లు చెల్లింది," అన్నాను.

ఆమె రాయడం ఆపి, ఫోటో వైపు చూడకుండా, మళ్లీ రాసుకుంది. హెచ్చరిక ఇచ్చారు. శాశ్వత ఉద్యోగం కాగితం పైకి వెళ్లలేదు. నన్ను తీసెయ్యలేదు కూడా. ఒప్పందం దాని తేదీకి అదే ముగిసిపోయింది, ఎవరూ చెయ్యి వెయ్యకుండా చచ్చిపోయిన రోగిలాగా. వరండా ముసలాయనలోనూ పడకేసిన మా వాళ్లలోనూ ఉన్నది ఒకటే క్రిమి అని పరీక్షలో తేలిందట, ఆ నర్సే నన్ను ఆపి చెప్పింది. తుది నివేదికలో మాత్రం "అనేక మూలాలు కావచ్చు" అని రాశారు. దాని కింద కొత్త నిబంధన చేర్చారు. ఇంట్లో వండినవి టీ గదికి తేకూడదు. నా వీడ్కోలుకి సూపర్‌మార్కెట్ కేకు, సీలు వేసినది. ఆపా ఆ రోజు రాలేదు.

ఇప్పుడు నేను ఒక షాపింగ్ సెంటర్లో పగటిపూట క్లినిక్కులో పనిచేస్తున్నాను. బెణుకులు, జలుబులు, చెవిలో పూసలు. సాయంత్రానికి షట్టరు దించేస్తారు. పాపని బడి నుంచి నేనే తెస్తాను. అందరూ బాగుంది కదా అంటారు. చేతిలో విద్య ఉండి కూడా నిజంగా ఊపిరాడని మనిషి వస్తే నేను చేసేది అంబులెన్సుకి ఫోను. బాగుంది.

ఐదారు నెలల తర్వాత మనవాళ్లు ఎక్కువుండే గిరావీన్‌లో ఒక కూరగాయల కొట్లో బెండకాయలు ఏరుతున్నాను, శనివారం మధ్యాహ్నం. పక్కన ఎవరో వచ్చి నేను తీసి పక్కన పెట్టినవే ఏరుకుంటున్నారు. చూస్తే ఆపా.

"ముదిరినయ్ నాకు పెట్టినవా?" అంది.

బాగున్నారా అన్నాను.

"మంచిగున్న. గాస్ట్రో ఖతమైంది."

"అంటే?"

"డబ్బా ఇస్తున్నరు. గాస్ట్రో అంటె అందుల మలం పెట్టి ల్యాబుకు పంపాలె. రిజల్టు వస్తెనే సెలవు. నీ ఉత్తరం పుణ్యం." గొంతులో కోపం లేదు. ధర చెప్పినట్టు చెప్పింది.

"మిమ్మల్ని తవ్వారా?"

"లే. తవ్వితె సగం డిపార్ట్‌మెంట్ పోతది. డబ్బా అయితె అగ్గువ."

నా నిజం పండిన పంట అది. గదులు పెంచలేదు, రోస్టరు మార్చలేదు. ఆడవాళ్ల చేతికి తలా ఒక డబ్బా ఇచ్చారు.

"మరి ఇప్పుడు పిల్లలకి బాగాలేకపోతే ఏం చేస్తున్నారు?"

"మైగ్రేన్," అంది ఆపా. "దానికి టెస్టు లేదు."

"అందరికీనా?"

"తల్లులందరికీ. మొన్న డైరెక్టరు, లైట్లు కండ్లల్ల కొడ్తున్నయేమో అని ట్యూబులైట్లన్ని మార్పించిండు. ఇప్పుడు మస్తు చల్లగున్నది వెలుతురు."

"ఆయనకి తెలుసు కదా ఆపా, అది మైగ్రేన్ కాదని."

"తెలుసు. తెలిసే మార్పించిండు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆమెకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. నవ్వుతుంటే నోరంతా చేదైంది. ఆమె సంచీకి ముడి వేసి, తూకం వైపు వెళ్లకుండా అక్కడే నిలబడింది. బెండకాయలకేసే చూస్తూ అడిగింది.

"మీ క్లినిక్‌ల జాగా ఉన్నదా, చెల్లె?"

సిడ్నీ పడమటి వైపు ఊపిరాడని మనిషి పక్కన ఎవరుండాలని నన్నడిగితే నేను చెప్పే మొదటి పేరు ఆమెది. పదేళ్లు అబద్ధాల మీద ఆ పనిలో నిలబడింది. ఇక ఇంకో జబ్బు వెతుక్కునే ఓపిక ఆమెకి లేదు.

"ఉంది ఆపా," అన్నాను. "సోమవారం ఫోన్ చెయ్యండి."